బడికి నడిపించాలా, బండి మీద దింపాలా?

ఉదయం ఎనిమిది గంటల వేళ చెన్నైలో ఏ పాఠశాల ముందు నిలబడి చూచినా ఇంచుమించు ఒకే దృశ్యం కనబడుతుంది. గేటు ఎదుట వరుసగా ద్విచక్ర వాహనాలు, వాటి వెనుక ఆటోలు, మధ్యలో ఒకటి రెండు కార్లు, వాటిని తప్పించుకోలేక నిలిచిపోయిన బస్సు. తండ్రి ముందు నిలబడిన చిన్నది, తల్లి వెనుక కూర్చున్న పెద్దవాడు, హ్యాండిల్‌కు తగిలించిన రెండు సంచులు. ఈ సందడి నడుమ, గోడవారగా, అమ్మమ్మ చేయి పట్టుకొని నడిచివచ్చే పిల్లలు కొందరు. నడిచివచ్చేవారికి ఆ చివరి యాభై అడుగులే దారి మొత్తంలో అత్యంత కష్టమైన భాగం. వారికి ఆ కష్టం కలిగిస్తున్నది కూడా పిల్లల క్షేమం కోరి బండి తీసిన తోటి తల్లిదండ్రులే.

పిల్లలను బడికి నడిపించి తీసుకువెళ్ళడం మేలా, వాహనంపై దింపడం మేలా అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ ఉన్నదే. నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం వంటి జిల్లాల నుండి ఉపాధి కోసం ఈ నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాలకు అది మరికొంత బరువైన ప్రశ్న. దారి కొత్తది, వీధి భాష కొత్తది, అవసరానికి పిలిస్తే పలికే బంధువులు దగ్గర ఉండరు. ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే ఒకే జవాబు లేదు. అయితే ఎవరి జవాబును వారు సరిగా తేల్చుకొనేందుకు తెలిసి ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ వివరిస్తున్నాము.

నిర్ణయం ఎప్పుడు జరుగుతుంది?

నడకా, బండా అన్నది చాలావరకు బిడ్డను బడిలో చేర్చిన రోజుననే నిర్ణయమైపోతుంది. ఇంటికి ఏడు కిలోమీటర్ల దూరంలోని బడిలో చేర్చిన తరువాత నడక గురించి ఆలోచించే అవకాశమే ఉండదు.

ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని ననుసరించి తమిళనాడు ప్రభుత్వం 2011లో చేసిన నియమావళి ప్రకారం 1 నుండి 5వ తరగతి వరకు పిల్లలకు 1 కిలోమీటరు నడక దూరంలోను, 6 నుండి 8వ తరగతి వరకు పిల్లలకు 3 కిలోమీటర్ల నడక దూరంలోను పాఠశాల అందుబాటులో ఉండాలి. చట్టం ఇక్కడ లెక్కించినది పిల్లల కాళ్ళు నడవగల దూరాన్ని. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో చెన్నైలో నాలుగు వందలకు పైగా పాఠశాలలు ఉన్నాయి. మీ ఇంటికి చేరువలో ఉన్నది ఏదో చేర్చకముందే విచారించడం మంచిది.

తెలుగు నేర్పే బడి కావాలని కొందరు, ఆంగ్ల మాధ్యమం కావాలని కొందరు, బంధువుల పిల్లలు చదివే బడి అని మరికొందరు దూరాన చేరుస్తారు. ఆ కారణాలు సామాన్యమైనవి కావు. బిడ్డ తెలుగులో చదవడం వ్రాయడం నేర్వాలన్న కోరిక సహజమైనదే. కాని బడికి పోవడానికి ఒక గంట, రావడానికి ఒక గంట పట్టితే ఆ రెండు గంటలు బిడ్డ నిద్రలోనో, ఆటలోనో, చదువులోనో తగ్గుతాయి. బడిని ఎంచుకొనేటప్పుడు ఫీజుతోపాటు ఈ దూరాన్ని కూడా ఖర్చులో చేర్చి చూడాలి. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో బడి మొదలు కాకముందే పిల్లలకు ఉదయపు ఫలహారం పెడతారు. దూరం నుండి వచ్చి ఆలస్యమయ్యే బిడ్డ పాఠంతో పాటు ఆ ఫలహారాన్ని కూడా పోగొట్టుకుంటాడు.

అపాయం ఎక్కడ ఉన్నది?

"రోడ్డు మీద నడిపించడం భయం, అందుకే బండి మీద తీసుకువెళుతున్నాము" అని ఎక్కువమంది చెబుతారు. ఈ భయానికి కారణం ఉన్నది. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అదే సంవత్సరం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తూ మరణించినవారు 74,897 మంది. ద్విచక్ర వాహనాల సంఖ్య, అవి తిరిగే దూరం ఎక్కువ గనుక ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తూకం వేయడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. బిడ్డను నేలపై నుండి తీసి ద్విచక్ర వాహనంపై కూర్చోబెట్టినంత మాత్రాన అపాయం తప్పిపోదు. దాని రూపం మారుతుంది, అంతే.

అపాయానికి మూలం వేగం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక సెకనులో సుమారు 8 మీటర్లు సాగుతుంది. ఎదుట బిడ్డ కనబడిన క్షణం నుండి డ్రైవరు కాలు బ్రేకు మీద పడేసరికి దాదాపు ఒక సెకను గడుస్తుంది. తరువాత బ్రేకు పట్టి, పొడి రోడ్డుపై బండి పూర్తిగా ఆగడానికి మరో 5 మీటర్లు పడుతుంది. మొత్తం 13 మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ మొదటి సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటిపోతుంది. పూర్తిగా ఆగడానికి మొత్తం 28 మీటర్ల దాకా కావాలి. అంటే, నెమ్మదిగా వచ్చిన బండి ఏ చోట పూర్తిగా ఆగిందో, వేగంగా వచ్చిన బండికి ఆ చోట ఇంకా బ్రేకు కూడా పడి ఉండదు. తడి రోడ్డుపై, బరువు నిండిన లారీ విషయంలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

రెండవ కారణం పిల్లల ఎత్తు. ఆరేళ్ళ బిడ్డ సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నిలిపి ఉంచిన కారు వెనుక నుండి ఆ బిడ్డ రోడ్డు మీదికి వస్తే డ్రైవరుకు కనబడదు. బిడ్డకు కూడా బండి కనబడదు. ఎన్నూరు, మణలి, తిరువొత్తియూరు, తండయార్‌పేట ప్రాంతాలలో ఓడరేవుకు పోయే కంటైనరు లారీలు వరుసగా నిలిచి ఉంటాయి. లారీ ముందు భాగానికి మరీ చేరువగా గాని, ఎడమ పక్కను ఆనుకొని గాని నిలబడిన బిడ్డ డ్రైవరు దృష్టికి అందదు. అది మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కంటె లోపలి వైపుకు, అంటే మనిషి నిలబడిన అంచు వైపుకు వస్తాయి. ఈ సంగతిని పిల్లలకే గాక పెద్దలకు కూడా చెప్పవలసి ఉంటుంది.

మూడవది వయస్సు. వచ్చే బండి ఎంత దూరంలో ఉన్నది, ఎంత వేగంతో వస్తున్నది, అంతలో నేను దాటగలనా అన్న అంచనా చిన్న పిల్లలకు కుదరదు. చదువులో ఎంత చురుకైనవారైనా సుమారు పదేళ్ళు వచ్చేవరకు ఈ అంచనాను నమ్మడానికి లేదు. రోడ్డుకు అవతల స్నేహితుడు కనబడితే, చేతిలోని బంతి జారితే, నేర్చుకున్నదంతా మరచి పరుగెత్తడం ఆ వయస్సు స్వభావం. కనుక రద్దీ రోడ్డు దాటవలసి ఉన్న బిడ్డకు పదేళ్ళ వరకు పెద్దల తోడు తప్పనిసరి.

"మా కాలంలో మూడు మైళ్ళు నడిచాము"

ఊరి నుండి వచ్చిన తాతలు ఈ మాట అనడం కద్దు. వారు నడిచిన మాట నిజమే. కాని ఆ దారిలో పొలం గట్లు, చెరువు కట్ట, ఎడ్ల బండ్లు, రోజుకు రెండు సార్లు వచ్చే బస్సు ఉండేవి. ఎదురుపడిన ప్రతివారికీ ఆ బిడ్డ ఎవరి మనుమడో తెలుసు. నగరపు దారిలో బండ్లు వేరు, మనుషులు వేరు. ఆ రోజులను ఆదర్శంగా చూపి ఆరేళ్ళ బిడ్డను ఒంటరిగా పంపడం తగదు. అలాగని "ఈ కాలంలో నడక కుదరనే కుదరదు" అనడం కూడా సరి కాదు. నాటి నడకలో బిడ్డను కాపాడినది ఎదురుపడినవారికి ఉన్న పరిచయం, పక్కన ఉన్న తోడు. ఆ రెంటినీ ఇక్కడ మనం పూనుకొని ఏర్పాటు చేసుకోవాలి.

వాహనంపై తీసుకువెళ్ళేవారు తెలుసుకోవలసినవి

దూరం వల్లనో, ఉద్యోగ వేళల వల్లనో బండి తప్పనిసరి అయిన కుటుంబాలు అనేకం. వారికి మోటారు వాహనాల చట్టం విధించిన నియమాలు ఇవి.

ద్విచక్ర వాహనంపై నడిపేవారు కాక మరొక్కరు మాత్రమే ప్రయాణించాలి. ఇద్దరు పిల్లలను ఒకేసారి ఎక్కించుకోవడం ఈ నియమానికి విరుద్ధం. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. తండ్రి తల మీద హెల్మెట్, బిడ్డ తల మీద ఏమీ లేకపోవడం మన వీధులలో నిత్యం కనబడే దృశ్యం. పెద్దల హెల్మెట్ బిడ్డకు పెట్టితే పడిన క్షణంలోనే అది జారిపోతుంది. బిడ్డ తలకు సరిపోయే కొలతలో కొని, గడ్డం కింద పట్టీ బిగించాలి.

తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ లోపు పిల్లల కోసం 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. ఒక సంవత్సరం తరువాత అవి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం బిడ్డను నడిపేవారితో కలిపి ఉంచే రక్షణ పట్టీ వాడాలి, బిడ్డకు తగిన హెల్మెట్ ఉండాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. చిన్న బిడ్డను స్కూటరు ముందు భాగంలో నిలబెట్టడం ఎంతమాత్రం క్షేమం కాదు. అకస్మాత్తుగా బ్రేకు వేస్తే బిడ్డ ముఖం నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది.

కారులో 14 ఏళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గాని, వయస్సుకు తగిన రక్షణ ఆసనం గాని ఉండాలి. లేనిచో 1,000 రూపాయల జరిమానా. పిల్లలను వెనుక సీటులోనే కూర్చోబెట్టాలి. దింపేటప్పుడు ఎడమ వైపు తలుపు మాత్రమే తెరవాలి. తెరిచే ముందు వెనుక నుండి సైకిలు గాని, బండి గాని వస్తున్నదేమో చూడాలి.

"పెద్దవాడు తొమ్మిదో తరగతి, తానే బండి నడిపి చెల్లెలిని దింపుతాడు" అని కొందరు గర్వంగా చెబుతారు. ఇది చాలా ప్రమాదకరం. మైనరు బాలుడు వాహనం నడిపి నేరానికి పాల్పడితే 2019లో సవరించిన చట్టం ప్రకారం సంరక్షకునికి గాని, వాహన యజమానికి గాని మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. వాహనం రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ బాలునికి 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు దొరకదు.

ఇక గేటు ముందు రద్దీ సంగతి. ఒక కారు నిలవడానికి, ముందు వెనుకల ఖాళీతో కలిపి, సుమారు 6 మీటర్ల స్థలం కావాలి. ఒకే వేళకు యాభై కార్లు వస్తే 300 మీటర్ల వరుస అవుతుంది. ఏ పాఠశాలకూ అంత ముఖద్వారం ఉండదు. కాబట్టి గేటు దాకా బండి తేవాలన్న పట్టుదల మానండి. రెండు వీధుల అవతల, రద్దీ లేని చోట బండి నిలిపి, మిగిలిన రెండు మూడు వందల మీటర్లు బిడ్డతో నడవండి. బిడ్డకు కాస్త నడక దొరుకుతుంది, గేటు ముందు దారి మిగులుతుంది, మీకు కూడా సమయం కలిసివస్తుంది.

బస్సు, వాను, ఆటో

2012 జూలైలో తాంబరం సమీపాన పాఠశాల బస్సు అడుగున ఉన్న రంధ్రం గుండా జారిపడి రెండవ తరగతి బాలిక మరణించింది. ఆ దుర్ఘటన తరువాతనే తమిళనాడు ప్రభుత్వం పాఠశాల బస్సుల నియంత్రణకు ప్రత్యేక నియమావళిని తెచ్చింది. ఏటా వేసవిలో, బడులు తెరవక ముందు, ఈ బస్సులను అధికారులు తనిఖీ చేస్తారు. అయినా ప్రతి దినమూ చూడగలిగినది తల్లిదండ్రులే. బస్సు పసుపు రంగులో ఉన్నదా, అటెండరు ఉన్నాడా, తలుపుకు గట్టి తాళం, కిటికీలకు అడ్డ కమ్మీలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే పరికరం ఉన్నాయా అని చూడండి. బిడ్డ దిగిన తరువాత బస్సు కదలిపోయేవరకు రోడ్డు దాటరాదని నేర్పండి. బస్సు ముందు నుండి గాని వెనుక నుండి గాని దాటబోయే బిడ్డ ఇతర వాహనాలకు కనబడదు.

ఆటోలో పిల్లలను కిక్కిరిసి ఎక్కించుకోవడం, డ్రైవరు పక్కన కూర్చోబెట్టడం చూస్తూ ఊరుకోకండి. తక్కువ డబ్బుకు ఒప్పుకున్నామన్న మొహమాటంతో ఎందరో తల్లిదండ్రులు మాట్లాడలేకపోతారు. ఆ ఆటోలో పిల్లలను పంపే నాలుగు కుటుంబాలు కలిసి అడిగితే డ్రైవరు వింటాడు.

ప్రభుత్వ బస్సు విషయం చాలామంది కొత్తవారికి తెలియదు. తమిళనాడులో విద్యార్థులకు ఉచిత బస్ పాసు ఉన్నది, దానిని పాఠశాల ద్వారానే పొందవచ్చు. 2021 మే నెల నుండి సాధారణ ఛార్జీల నగర బస్సులలో మహిళలకు టికెట్టు లేదు. అంటే తల్లి బిడ్డను బస్సులో దింపి తిరిగివచ్చినా ఛార్జీ ఖర్చు ఉండదు. ఇందుకు ఏ రాష్ట్రం నుండి వచ్చారన్న భేదం లేదు.

నడక వల్ల వచ్చేది, నడకకు అయ్యేది

5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కిలోమీటరు దూరం నడవడానికి బిడ్డకు 15 నుండి 20 నిమిషాలు పడుతుంది. రాను, పోను కలిపితే అవసరమైన శ్రమలో సగం దాకా దారిలోనే సమకూరుతుంది. ఆడుకొనే చోటు లేని ఒంటి గది ఇళ్ళలో పెరిగే పిల్లలకు ఇది చిన్న లాభం కాదు.

మరొక లాభం అంకెలకు అందనిది. ఉదయం పనికి పోయి రాత్రి చేరే తండ్రికి, రెండు మూడు ఇళ్ళలో పని చేసే తల్లికి బిడ్డతో తీరికగా మాట్లాడే వేళ ఉండదు. బడిలో తమిళం, ఆంగ్లం. ఇంటిలో టీవీ. దారిలో నడిచే ఆ ఇరవై నిమిషాలే బిడ్డ చెవిన పడే తెలుగు. నిన్న ఎవరితో పోట్లాడాడు, ఏ టీచరు కోప్పడింది, ఎవరు భయపెడుతున్నారు అన్న మాటలు బండి వెనుక గాలి చప్పుడులో బయటకు రావు. అదే దారిలో దుకాణాల పేర్లు చదువుతూ బిడ్డ తమిళ అక్షరాలు కూడా పట్టుకుంటాడు. చాలా ఇళ్ళలో అమ్మకు ఆ అక్షరాలు నేర్పేది ఆ బిడ్డే.

అయితే నడకకు కూడా ఖర్చు ఉన్నది. ఆ ఖర్చు పెద్దల సమయం. కిలోమీటరు దూరం దింపి రావడానికి 35 నిమిషాలు, సాయంత్రం మళ్ళీ అంతే. రోజు కూలి మీద, షిఫ్టు మీద పనిచేసేవారికి దినానికి గంటకు పైగా సమయం మాటలు కాదు. "నడిపించండి" అని చెప్పడం సులభం, నడిపించే మనిషి ఎవరన్నదే చిక్కు. దానికి ఇరుగుపొరుగే పరిష్కారం.

కలిసి నడిపించే ఏర్పాటు

ఒకే వీధి నుండి ఒకే బడికి పోయే అయిదు కుటుంబాలు ఉన్నాయనుకుందాం. వారానికి అయిదు దినాలు, దినానికి రెండు సార్లు, మొత్తం పది నడకలు. కుటుంబానికి రెండు నడకల వంతు వస్తుంది. ఒక్కొక్క ఇంటి పెద్దలు వారంలో రెండు పూటలు తీరిక చేసుకుంటే చాలు. పిల్లలందరికీ అన్ని దినాలూ తోడు ఉంటుంది.

ఏర్పాటు నిలవాలంటే కొన్ని కట్టుబాట్లు అవసరం. బయలుదేరే వేళ, కలిసే చోటు మారకూడదు. ఆలస్యమైన బిడ్డ కోసం రెండు నిమిషాలకు మించి ఆగకూడదు. లేకపోతే వారం తిరగకముందే ఏర్పాటు చెదిరిపోతుంది. పిల్లలు ఎక్కువమంది ఉంటే ముందు ఒక పెద్ద, వెనుక ఒక పెద్ద ఉండాలి. వంతు తప్పవలసివస్తే ముందు రాత్రే చెప్పాలి. పిల్లలను అప్పగించేది అందరికీ తెలిసిన పెద్దలకు మాత్రమే. చివరి నిమిషంలో తెలియనివారిని పంపకూడదు. ఈ ఏర్పాటులో తెలుగువారు మాత్రమే ఉండాలన్న నియమం పెట్టుకోకండి. పక్కింటి తమిళ కుటుంబం కలిస్తే దారి తెలిసిన మనిషి, భాష తెలిసిన మనిషి కూడా దొరికినట్లే.

బిడ్డకు దారి నేర్పే పద్ధతి

మొదటి కొద్ది వారాలు మీరు నడిపించండి. ప్రతి మలుపు వద్ద ఎందుకు ఆగుతున్నామో పైకి చెప్పండి. తరువాత బిడ్డనే ముందు నడిపించమని, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దాటాలో చెప్పమని అడగండి. చేయి మాత్రం వదలకండి. పదేళ్ళు దాటి, ఈ పరీక్షలో నిలకడగా నెగ్గిన తరువాతనే కొన్ని అడుగులు వెనుక నడిచి చూడండి. ఒంటరిగా పంపడం అన్నింటి కంటె చివరి మెట్టు.

కాలిబాట ఉన్న చోట దానిపైనే నడవాలి. లేని చోట రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్లు నడవాలి. బిడ్డను బండ్లకు దూరంగా ఉండే పక్కన ఉంచుకోవాలి. వేలు పట్టుకుంటే జారుతుంది, మణికట్టు పట్టుకోండి. దాటే ముందు ఆగి, కుడి వైపు, ఎడమ వైపు, మళ్ళీ కుడి వైపు చూడాలి. నిలిచి ఉన్న రెండు వాహనాల మధ్య నుండి ఎన్నడూ దాటరాదు.

భాష విషయంలో ఒక హెచ్చరిక. తమిళంలో "వలదు" అంటే కుడి, "ఇడదు" అంటే ఎడమ. మన గ్రాంథిక భాషలో "వలదు" అంటే "వద్దు". దారి చెప్పే పెద్దమనిషి "వలదు పక్కం" అంటే కుడి పక్కకు పొమ్మన్నాడని బిడ్డకు ముందే తెలిసి ఉండాలి. "పళ్ళి" అని బోర్డు ఉంటే అక్కడ బడి ఉన్నదని అర్థం. "వళి తెరియల" అంటే దారి తెలియడం లేదు. "అమ్మావుక్కు ఫోన్ పణ్ణుంగ" అంటే అమ్మకు ఫోను చేయండి. ఈ రెండు వాక్యాలు, తల్లిదండ్రుల ఫోను నంబరు, ఇంటి వీధి పేరు నోటికి వచ్చిన బిడ్డ దారి తప్పినా చేరవలసిన చోటికి చేరగలుగుతాడు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లు ఉన్నాయి.

వానలు, ఎండలు

చెన్నైకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తాయి. మన ఊళ్ళలో చాలాచోట్ల జూన్, జూలైలలో కురిసే వానకు అలవాటు పడినవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. నీరు నిలిచిన వీధిలో మూత లేని కాలువ కనబడదు, తెగిన కరెంటు తీగ కనబడదు. అటువంటి దినాన పిల్లలను ఆ నీటిలో నడిపించకండి, బండిపై కూడా దింపకండి. సబ్‌వేలలో నీరు చేరితే దాటే ప్రయత్నం చేయకండి. భారీ వర్షాల వేళ జిల్లా కలెక్టరు ప్రకటించే సెలవు వార్తను ఉదయమే చూసుకోండి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఎండ ఇంకా తగ్గదు. ఉదయం నడక సుఖమే. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు టోపీ, నీళ్ళ సీసా మరువకండి.

దారి బాగులేకపోతే

2014లో చెన్నై నగరపాలక సంస్థ మోటారేతర రవాణా విధానాన్ని ఆమోదించింది. నడిచేవారికి, సైకిలుపై పోయేవారికి రోడ్లలో తగిన స్థానం కల్పించడం దాని లక్ష్యం. 2019లో పాండీ బజారు రోడ్డులో విశాలమైన నడక దారి ఏర్పడింది. అయితే నగరంలోని అన్ని వీధులూ ఆ స్థితికి రాలేదన్నది అందరికీ తెలిసిన నిజం. భారత రోడ్ల కాంగ్రెసు ప్రమాణాల ప్రకారం కాలిబాటపై నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డు లేకుండా ఉండాలి. కాలిబాటలను వాడుకొనే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించిన జీవన హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

కాబట్టి బిడ్డను నడిపించే దారిలో విరిగిన పలక, మూత లేని కాలువ, వెలగని వీధి దీపం, కాలిబాటను ఆక్రమించిన వాహనం కనబడితే ఊరుకోకండి. 1913 నంబరుకు ఫోను చేయండి, లేదా "నమ్మ చెన్నై" యాప్ ద్వారా ఫొటోతో సహా తెలియజేయండి. వీధి పేరు, దగ్గరి గుర్తు, సమస్య, ఈ మూడింటినీ చెప్పి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకోండి. మీ ఓటు ఇంకా సొంత ఊళ్ళో ఉన్నా, మీరు అద్దె ఇంటిలో ఉన్నా, ఈ ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉన్నది. ఒక్కరు చెప్పిన దానికంటె ఆ దారిన పోయే పది కుటుంబాలు, పాఠశాల ప్రధానోపాధ్యాయులతో కలిసి చెప్పిన దానికి బలం ఎక్కువ.

ఏది మేలు?

బడి కిలోమీటరు లోపు ఉండి, దారిలో పెద్ద రోడ్డు లేకపోయినా, ఉన్న రోడ్డును సిగ్నలు వద్ద దాటగలిగినా, తోడు దొరికితే నడకే మేలు. దూరం ఒకటి నుండి మూడు కిలోమీటర్లు అయితే పెద్ద పిల్లలకు నడక గాని, ప్రభుత్వ బస్సు గాని, రద్దీ లేని వీధులలో సైకిలు గాని తగును. అంతకు మించిన దూరానికి బస్సు మొదటి ఎంపిక, తగిన రక్షణతో సొంత బండి తరువాతి ఎంపిక. కంటైనరు లారీలు తిరిగే రోడ్డు దాటవలసి ఉంటే, దూరం ఎంత తక్కువైనా, పెద్దల తోడు లేకుండా బిడ్డను పంపకండి. తోడు దొరకని దినాన బండి తీయడం తప్పు కాదు.

ఈ ఆదివారం, తొందర లేని వేళ, బిడ్డ చేయి పట్టుకొని ఇంటి నుండి బడి దాకా ఒకసారి నడిచి చూడండి. బిడ్డ కంటి ఎత్తుకు వంగి ప్రతి మలుపునూ చూడండి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటాలి, ఏ దుకాణం అక్కను సహాయం అడగవచ్చు అని ఇద్దరూ మాట్లాడుకోండి. మీ కుటుంబానికి తగిన జవాబు ఆ దారిలోనే తేలుతుంది.